రిపోర్టు వేరు, సర్టిఫికెట్ వేరు

పదో తరగతి నామినల్ రోల్స్ గడువు దగ్గర పడిందంటే లాయర్ల ఆఫీసులకు ఒకే రకం ఫిర్యాదుతో తల్లిదండ్రులు వస్తుంటారు. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు, అందులో ప్రైవేటు సైకాలజిస్టు ఇచ్చిన రిపోర్టు. బిడ్డకు డిస్లెక్సియా ఉంది, పరీక్షలో అదనపు సమయం అడిగితే స్కూలు కుదరదంటోంది. తాజాగా వచ్చిన తల్లిదీ ఇదే గోడు. నోటితో అడిగితే అబ్బాయి సైన్సు పాఠం గడగడా చెబుతాడు. రాయమంటే ఒత్తులు ఎగిరిపోతాయి, ‘ప’, ‘వ’ తారుమారవుతాయి, పేపరు సగంలో ఉండగానే గంట కొట్టేస్తారు. నాలుగో తరగతిలో చేయించిన రిపోర్టును ఆమె ఇన్నేళ్లూ బీరువాలో భద్రంగా దాచింది. స్కూలూ ఒక జిరాక్సు తీసి ఫైల్లో పెట్టుకుంది. అది పరీక్షకు పనికిరాదని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ప్రైవేటు రిపోర్టు సర్టిఫికెట్ కాదు. బోర్డు అడిగేది ప్రభుత్వం అధికారమిచ్చిన వైద్యులు ఇచ్చే ధ్రువపత్రం. సదరం, యూడీఐడీ అని జనం అనేది దాన్నే. వేలు పోసి చేయించినా సరే, ప్రైవేటు రిపోర్టు దాని బదులు నిలవదు.

చట్టంలో లోటు లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలూ ఉన్నాయి. వాటిని తొందరగా పసిగట్టి, తగిన తీరులో బోధించే బాధ్యతను 16వ సెక్షన్ బడి మీదే పెట్టింది. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు వంటివి 17వ సెక్షన్‌లో ఉన్నాయి. మూడో తరగతిలో గానీ ఎనిమిదేళ్లకు గానీ, ఏది ముందైతే అప్పుడు, టీచర్లే ప్రాథమిక పరీక్ష చేయాలని 2018 మార్గదర్శకాలు చెప్పాయి. ఫీజు బకాయిని పసిగట్టే చురుకులో పావు వంతు దీని మీద చూపే బడులెన్ని? పైగా, రిజల్టు చెడుతుందని టీసీ చేతిలో పెట్టడం. విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి పంపేయకూడదు. కొట్టడం, క్లాసులో ‘మొద్దు’ అంటూ వేధించడం కూడా నిషిద్ధమే.

‘వైకల్యం 40 శాతం లేదు కదా’ అని గుమస్తాలు తిప్పి పంపడం ఇంకో తంతు. రాసిపెట్టే మనిషి సాయాన్ని 40 శాతం దాటినవారికే పరిమితం చేయకూడదని వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో తేల్చింది. దాన్ని అనుసరించి కేంద్రం 2022 ఆగస్టులో మార్గదర్శకాలూ ఇచ్చింది. అయితే అవి కూడా అడిగింది సర్కారీ ఆసుపత్రి కాగితమే. ప్రైవేటు రిపోర్టు అక్కడా అక్కరకు రాదు.

కాగితం ఉన్నా పరీక్షా కేంద్రం ఆదమరిస్తే ఏమవుతుందో అవ్నీ ప్రకాశ్ కేసు చూపుతుంది. డిస్‌గ్రాఫియా (రాతలో ఇబ్బంది పెట్టే అభ్యసన వైకల్యం) ఉన్న ఆ విద్యార్థినికి 2021 నీట్‌లో గంట అదనపు సమయం రావాలి. పరీక్షా కేంద్రంలో ఇవ్వకుండా పేపరు లాగేసుకున్నారు. జరిగింది అన్యాయమేనని, దాన్ని సరిదిద్దే మార్గం చూడాలని సుప్రీంకోర్టు పరీక్ష సంస్థను ఆదేశించింది. పరీక్ష మళ్లీ పెట్టమని మాత్రం అనలేదు.

సర్టిఫికెట్‌కు వయసు మెలికా ఉంది: ఎనిమిదేళ్లు నిండాకే ఇవ్వాలని 2018 మార్గదర్శకాలు చెప్పాయి. 14 ఏళ్లకు, 18 ఏళ్లకు మళ్లీ పరీక్ష చేయించాలనీ అన్నాయి. ఆ 14 సరిగ్గా పదో తరగతి ముంగిట వస్తుంది, చాలామంది అక్కడే బోల్తా పడతారు.

కాగితాల సంగతి అలా ఉంచితే, ఇంట్లో యాభైసార్లు ఇంపొజిషన్ రాయించడం మానేయాలి. పాఠం పెద్దలు చదివి వినిపించి, జవాబు నోటితో చెప్పించుకుంటే బిడ్డకు చదువు మీద విరక్తి పుట్టదు. పాత నోటు పుస్తకాలు, ప్రోగ్రెస్ కార్డులు చిత్తుకాగితాలకు అమ్మకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆ తల్లి ఇప్పుడు సదరం స్లాటు బుక్ చేసుకుంది. అదనపు సమయం కోరుతూ ఆమె ఇచ్చిన అర్జీ హెడ్మాస్టరు తీసుకున్నారు గానీ, అందినట్టు సంతకం పెట్టలేదు. అందుకే అదే అర్జీని, స్లాటు రసీదు జతచేసి, స్పీడ్ పోస్టులో స్కూలుకే పంపించింది. జవాబు రాకపోతే తర్వాతి మెట్టు రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు.