అప్పా? పెట్టుబడా? ముందే తేల్చుకోండి

కువైట్‌లో ఉన్న ఒక సోదరుడు కొబ్బరి వ్యాపారం నిమిత్తం తన బావమరిదికి 2 లక్షల రూపాయలు పంపాడనుకుందాం. మన కోనసీమలో ఇది కొత్త విషయమేమీ కాదు. "వ్యాపారం చేసుకో, తర్వాత చూద్దాం" అన్న మాట తప్ప మరే ఒప్పందమూ లేదు. అంబాజీపేటలో ధర బాగున్నంతకాలం ఎంతో కొంత లాభం ముట్టింది. ధర పడిపోయి, అసలే కరిగిపోయాక ఆయన "అది అప్పు, తిరిగి ఇవ్వు" అంటాడు. ఇతను "అది పెట్టుబడి, నష్టం నీదే" అంటాడు. మరి షరీఅత్ ఏమంటుంది?

ఖర్జ్ (అప్పు) అయితే, వ్యాపారం మునిగినా అసలు మొత్తం చెల్లించవలసిందే. కాని అప్పు మీద షరతు పెట్టి తీసుకునే ప్రతి లాభమూ వడ్డీయే. అలా తీసుకున్నది అసలులో జమ కట్టాలి.

ముజారబా అయితే, ఒకరిది సొమ్ము, మరొకరిది శ్రమ. లాభం సగమో, మూడోవంతో ముందే నిర్ణయించుకోవాలి. నెలకు ఇంత అని ఖాయం చేయరాదు. నష్టం వస్తే సొమ్ము యజమానిది సొమ్ము పోతుంది, శ్రమించినవానిది శ్రమ పోతుంది. అయితే అతను నిర్లక్ష్యం చేసినా, ఆ సొమ్ము సొంతానికి వాడుకున్నా బాధ్యత అతనిదే.

ఇమామ్ మాలిక్ (రహ్మ) తమ మువత్తాలో ఒక సంఘటన పేర్కొన్నారు. బస్రా గవర్నరు హజ్రత్ అబూ మూసా (రజి), హజ్రత్ ఉమర్ (రజి) కుమారులిద్దరికి బైతుల్ మాల్ సొమ్ము ఇచ్చారు. వారు ఇరాక్‌లో సరుకు కొని మదీనాలో అమ్మి లాభం గడించారు. ఖలీఫా లాభంతో సహా అంతా అప్పగించమన్నారు. "సొమ్ము పోయి ఉంటే మేమే కట్టవలసి వచ్చేది కదా!" అన్నారు ఉబైదుల్లాహ్. దానిని ముజారబాగా పరిగణించమని సభలో ఒకరు సూచించారు. హజ్రత్ ఉమర్ (రజి) అసలును, సగం లాభాన్ని బైతుల్ మాల్‌కు తీసుకొని, మిగతా సగం కుమారులకు వదిలారు.

గమనించండి! నష్టానికి సిద్ధపడినవానికే లాభంలో హక్కు. లాభమొస్తే వాటాదారుగా, నష్టమొస్తే అప్పిచ్చినవాడిగా మారడం న్యాయం కాదు.

అందుకే అల్లాహ్ అల్ బఖరా సూరా 282వ ఆయత్‌లో అప్పును వ్రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని ఆదేశించాడు. పెట్టుబడికీ ఇదే క్షేమం. బావమరిది దగ్గర కాగితం అడగడం అపనమ్మకం కాదు, బంధుత్వానికి రక్షణ. ఇప్పటికే తగవు వచ్చి ఉంటే దావా వేసినవాడు సాక్ష్యం చూపాలి, కాదన్నవాడు ప్రమాణం చేయాలి. నిజంగా అప్పే అయి, తీర్చలేని స్థితిలో ఉంటే గడువివ్వమని 280వ ఆయత్ బోధిస్తోంది.

అల్లాహ్ మన లావాదేవీలను పరిశుద్ధం చేయుగాక! ఆమీన్.