వెడల్పు టైర్లు: ట్యూబు ఉండాలా, అక్కర్లేదా?

పాత జీపులకు, బుల్లెట్లకు వెడల్పు టైర్లు వేయించుకోవడం భిలాయ్ కుర్రాళ్లకు ఇప్పుడు పెద్ద సరదా. వైశాలి నగర్‌లో నేను పనిచేసే శాఖకు వచ్చేవారిలో, స్టీల్ ప్లాంటు ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు చాలామందే ఉన్నారు. బండికి అప్పిచ్చేవాళ్లకు బండి గురించి కూడా తెలిసే ఉంటుందని వాళ్ల నమ్మకం. "సార్, ఈ టైర్లకు ట్యూబు వేయించాలా?" అని అడుగుతుంటారు. నాలుగు పంక్చర్ షాపుల్లో కూర్చుని, పుస్తకాలు తిరగేసి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

జవాబు టైరు వెడల్పులో లేదు, రిమ్ములో ఉంది. ట్యూబ్‌లెస్ టైరు లోపలివైపు గాలిని పోనివ్వని బ్యూటైల్ రకం రబ్బరు పొర ఉంటుంది. టైరు అంచును బీడ్ అంటారు. అది రిమ్ముకు బిగిసి కూర్చుంటేనే గాలి నిలుస్తుంది. మలుపులో బీడ్ లోపలికి జారిపోకుండా ట్యూబ్‌లెస్ రిమ్ముకు చుట్టూ ఒక చిన్న గట్టు ఉంటుంది. దాని పేరు హంప్. పాత జీపు రిమ్ములు ట్యూబు కోసం చేసినవి, వాటికి ఈ గట్టు ఉండదు. అమెరికాలో పాత ఫోర్డు కార్లను హాట్ రాడ్‌లుగా మార్చినవాళ్లకూ ఇదే చిక్కు. గుడ్‌రిచ్ కంపెనీ ట్యూబ్‌లెస్ టైరును ప్రకటించింది 1947లో. వాళ్ల రిమ్ములు అంతకుముందువి.

బుల్లెట్ సంగతి ఇంకా తేలిక. ఊచల చక్రంలో ప్రతి ఊచకూ రిమ్ములో ఒక రంధ్రం ఉంటుంది కాబట్టి గాలి ఆగదు. క్లాసిక్ 350లో ఊచల చక్రాలకు ట్యూబు, అల్లాయ్ చక్రాలకు ట్యూబ్‌లెస్ రావడానికి కారణం అదే. 2024లో హిమాలయన్ 450కి ట్యూబ్‌లెస్ ఊచల చక్రాలు వచ్చాయి కానీ, వాటి నిర్మాణమే వేరు.

జీపుల దగ్గర అసలు ప్రమాదం ఉంది. ఇది ఉక్కు ఊరు, వెల్డింగ్ వచ్చినవాళ్లకు కొదవ లేదు. పాత రిమ్మును నిలువునా రెండుగా కోసి, మధ్యలో ఇనప పట్టీ అతికి వెడల్పు చేస్తారు. అతుకులో సూది మొనంత రంధ్రం ఉన్నా తెల్లారేసరికి గాలి దిగిపోతుంది. అప్పుడు ట్యూబు వేస్తారు. అతుకు గరుకుగా ఉంటే అది ట్యూబును కోస్తుంది. చిన్న ట్యూబును పెద్ద టైరులో సాగదీస్తే పలచబడుతుంది, పెద్దదాన్ని కుక్కితే మడతపడి అక్కడే చిట్లుతుంది. రేడియల్ టైరుకు రేడియల్ ట్యూబే వేయాలి. ట్యూబుకూ టైరుకూ మధ్య రాపిడితో వేడి పెరుగుతుంది, మే నెల రోడ్ల మీద అది మామూలు వేడి కాదు. పైగా మేకు దిగితే ట్యూబ్‌లెస్ టైరులోంచి గాలి సాధారణంగా మెల్లగా పోతుంది, ట్యూబు అయితే ఒక్కసారిగా ఖాళీ కావచ్చు.

మా ఖాతాదారు ఒకరి అబ్బాయి జీపుకు 235/75 ఆర్ 15 టైర్లు, అతికిన రిమ్ములు, లోపల ట్యూబులు వేయించాడు. కుదుపు తగ్గుతుందని గాలి 18 పీఎస్‌ఐకి దించాడు. రాజనాంద్‌గావ్ దారిలో బ్రేకు వేయగానే ముందు టైరు రిమ్ము మీద జరిగింది. దానితో పాటు ట్యూబూ జరిగింది, వాల్వు మొదలంటా ఊడింది. బండి డివైడరు దాకా వెళ్లి ఆగింది. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు.

వెడల్పు టైరు రోడ్డును ఎక్కువ పట్టుకుంటుందన్నది సగమే నిజం. ఒక చక్రం మీద 300 కిలోల బరువు, గాలి 30 పీఎస్‌ఐ ఉందనుకోండి. అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.1 కిలోలు. నేలను తాకే భాగం దాదాపు 143 చదరపు సెంటీమీటర్లు. టైరు వెడల్పు మారితే ఆ భాగం ఆకారం మారుతుంది, విస్తీర్ణం పెద్దగా మారదు. గాలి తగ్గిస్తేనే విస్తీర్ణం పెరుగుతుంది. బీడ్ పట్టు సడలేదీ అప్పుడే.

గాలిని బండి కదలకముందే చూడాలి. 27 డిగ్రీల దగ్గర 30 పీఎస్‌ఐ ఉన్న టైరు 57 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 34.5 చూపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తే, చల్లారాక తక్కువవుతుంది.

మన పని వైపు నుంచి మరో మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఆ మాటే గట్టిగా చెప్పింది. ప్రమాదం తర్వాత బీమా సర్వేయరు రిమ్ము అతుకును గమనిస్తే క్లెయిము చిక్కులో పడవచ్చు. బండి తనఖాలో ఉంటే ఆ చిక్కు మనదాకా వస్తుంది. అందుకే పాత జీపు తనిఖీకి వెళ్లినప్పుడు ఇంజను నంబరుతో పాటు చక్రం లోపలివైపు కూడా టార్చి వేసి చూస్తాను.

అడిగినవాళ్లకు నేను చెప్పేది ఇది: హంప్ ఉన్న, అతుకులేని, కంపెనీ చెప్పిన కొలతల రిమ్ము దొరికితే ట్యూబు వద్దు. పాత రిమ్మే ఉంచుకుంటే దానికి తగిన సైజు టైరు, అదే సైజు ట్యూబు వేయండి, గాలి తగ్గించకండి. అతికిన రిమ్ముకు ట్యూబు వేసినా, వేయకపోయినా నేను ఒప్పుకోను. ట్యూబున్న బుల్లెట్ చక్రంలో వాల్వు నట్టును రిమ్ముకు బిగించకుండా పైకి, మూత దగ్గరికి తిప్పి ఉంచండి. వాల్వు నిటారుగా కాక పక్కకు వాలి కనిపిస్తే టైరు రిమ్ము మీద జరుగుతోందన్నమాట. దాన్ని సరిచేయించేదాకా బండి బయటికి తీయవద్దు.