కొల్లేరు నుంచి మొదలుపెట్టండి

డిగ్రీ చివరి ఏడాదిలో ఉండి డెవలప్‌మెంట్ స్టడీస్ వైపో, పర్యావరణం–అభివృద్ధి కలిసిన పీజీ వైపో చూస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను అడిగేది ఒకటే: ‘అక్కా, ఇది చదివితే ఏం పని దొరుకుతుంది?’ అలాంటి పీజీ ముగింపుకొచ్చిన విద్యార్థినిగా ఆ ప్రశ్నకు తప్పకుండా జవాబు చెబుతాను. దానికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. ఈ చదువు మీకు సరిపడుతుందా? అది తెలియాలంటే బ్రోషర్లు పక్కనపెట్టి, ఏదైనా ఒక్క చోటు ఎంచుకుని అక్కడ ఏం జరిగిందో ఓపిగ్గా చదవండి. తవ్వేకొద్దీ ఇంకా తెలుసుకోవాలనిపిస్తే ఈ రంగం మీదే. విసుగు పుడితే ఫీజు కట్టకముందే విషయం తేలిపోతుంది. నన్నడిగితే కొల్లేరు నుంచి మొదలుపెట్టమంటాను.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఏర్పడిన మంచినీటి సరస్సు అది. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏర్లు తెచ్చిన వరదను తనలో నిలుపుకుని ఉప్పుటేరు గుండా బంగాళాఖాతంలోకి వదులుతుంది. లంక గ్రామాల్లోని వడ్డి కుటుంబాలు తరతరాలుగా కొర్రమీను, జెల్ల, మట్టగిడస పట్టుకుని బతికాయి. నీరు తీసిన నెలల్లో వరి వేసుకున్నాయి. వరదలకు ఆ వరి పదేపదే పోతుంటే, 1970ల్లో ప్రభుత్వం మత్స్యకారుల చేత సహకార సంఘాలు పెట్టించి, సరస్సులోనే చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. పేదల ఆదాయం పెంచాలని, మంచి ఉద్దేశంతోనే తీసుకున్న నిర్ణయం. కానీ చెరువులో పిల్ల వేయాలన్నా, మేత కొనాలన్నా పెట్టుబడి కావాలి. అది సంఘాల దగ్గర లేదు. లీజుల పేరుతో చెరువులు డబ్బున్నవాళ్ల చేతుల్లోకి వెళ్లిపోయాయి. గట్ల మీద గట్లు లేచాయి, నీటి దారులు ఇరుకయ్యాయి, బొచ్చె, శీలావతి లారీలెక్కి కోల్‌కతాకు, అస్సాంకు తరలిపోయాయి. కాగితం మీద చెరువుకు యజమాని అయిన లంకవాసి అదే చెరువు గట్టు మీద కూలికి నిలబడ్డాడు.

1999లో ప్రభుత్వం +5 అడుగుల కాంటూరు వరకు, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర, కొల్లేరును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోనూ చేరింది. సుప్రీంకోర్టు ఆదేశాల నేపథ్యంలో 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట చెరువుల గట్లను పేలుడు పదార్థాలు పెట్టి మరీ తెంచారు. పెట్టుబడిదారుకు పెట్టుబడి పోయింది, లంకవాసికి కూలి పోయింది. ఈ రెండు నష్టాలూ సమానం కావని నా అభిప్రాయం. అభయారణ్యాన్ని +3 కాంటూరుకు కుదించాలన్న డిమాండ్ ఆ తరువాత పెరుగుతూ వచ్చింది, చెరువులూ మళ్లీ లేచాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ నీరు చివరికి చేరాల్సింది కొల్లేరుకే. దిగువన దారి ఇరుకైతే ఎగువన ఏమవుతుందన్న చర్చ అప్పుడు మళ్లీ మొదలైంది.

ఇప్పుడు చెప్పండి, ఇది పర్యావరణ సమస్యా, పేదరిక సమస్యా? పక్షుల శాస్త్రం ఒక్కటే చదివినవారికి 2006 విజయంలా కనిపిస్తుంది. ఆదాయాల లెక్కలు ఒక్కటే చదివినవారికి 1970ల పథకం విజయంలా కనిపిస్తుంది. రెండూ కలిపి చదివినవారు మరో ప్రశ్న వేస్తారు: ప్రతి మలుపులోనూ లాభం ఎవరికి వెళ్లింది, భారం ఎవరి మీద పడింది? నా కోర్సు నాకు నేర్పిన వాటిలో అన్నిటికన్నా విలువైనది ఈ ప్రశ్నే.

సిద్ధాంతాలు కూడా అలాంటి చోటే ప్రాణం పోసుకుంటాయి. అందరిదీ అయిన వనరును ఎవరికి వారు వాడేసి చివరికి నాశనం చేస్తారని గారెట్ హార్డిన్ 1968లో వాదించాడు. అలా జరిగి తీరాలని లేదని, వాడుకునేవాళ్లే నియమాలు పెట్టుకుని తరాల తరబడి కాపాడుకున్న కాలువలు, పచ్చిక బయళ్లు, చేపల రేవులు ఉన్నాయని ఎలినార్ ఆస్ట్రమ్ చూపించింది. అందుకు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న తొలి మహిళ అయింది. తరగతిలో ఈ వాదం విన్నప్పుడు నా మనసంతా కొల్లేరు మీదే ఉంది. అక్కడ చేటు మొదలైంది సరస్సు అందరిదీ కావడం వల్ల కాదు, అది లీజు కాగితాలుగా ముక్కలవడం వల్ల అని నేను గట్టిగా నమ్ముతున్నాను. మీరు విభేదించవచ్చు. విభేదించి ఆధారాలు వెతకడం మొదలుపెడితే మీ డిసర్టేషన్ అక్కడే పుడుతుంది.

ఒక చోటు అర్థమైతే ప్రపంచం దగ్గరవుతుంది. కంబోడియాలోని టోన్లే సాప్ సరస్సులో పెద్ద వ్యాపారులకు ఇచ్చే చేపల లాట్లను అక్కడి ప్రభుత్వం 2012లో పూర్తిగా రద్దు చేసింది. ఆ తరువాతా అక్రమ వేట ఆగలేదు. హక్కు తిరిగి ఇవ్వడం ఒక పని, దాన్ని కాపాడుకునే బలం ఇవ్వడం మరో పని అని కొల్లేరు తెలిసినవారికి వెంటనే తడుతుంది. రొయ్యల సంగతీ అంతే. మన చెరువుల్లో ఇప్పుడు పెరుగుతున్న వనామీ లాటిన్ అమెరికా పసిఫిక్ తీరపు రొయ్య. భారత్‌లో దాని సాగుకు అనుమతి వచ్చింది 2009లో. పెద్ద మార్కెట్ అమెరికా. అందుకే 2025లో అమెరికా మన సరుకుల మీద సుంకాలు పెంచితే భీమవరం చుట్టుపక్కల రైతుకు నిద్ర పట్టలేదు. ‘గ్లోబల్ డెవలప్‌మెంట్’ అన్న పేపరులో చదివేది ఈ గొలుసునే.

ఇక వాతావరణ మార్పుల దగ్గర డబ్బు లెక్కలు తప్పకుండా చదవండి. బడుగు దేశాలకు 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని ధనిక దేశాలు 2009లో కోపెన్‌హేగెన్‌లో మాట ఇచ్చాయి. ఓఈసీడీ లెక్క ప్రకారమే ఆ మొత్తం అందింది 2022లో. 2024లో బాకులో కొత్త లక్ష్యం పెట్టుకున్నారు: 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లు. వాతావరణాన్ని పెద్దగా చెడగొట్టని దేశాలు ముందుగా మునుగుతున్నప్పుడు ఇంత ఆలస్యం అన్యాయం. ఆ అన్యాయం మీద కోపం ఉన్నవాళ్లే ఈ రంగానికి రావాలి. అయితే కోపంతో పాటు పనితనం కూడా కావాలి.

పనితనం అంటే ఏమిటో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఉద్యోగాల ప్రకటనల్లో అడిగేది అదే. మొదటిది, పటాలు. క్యూజీఐఎస్ ఉచిత సాఫ్ట్‌వేర్. 1972 నుంచి తీస్తున్న ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 2008 నుంచి అందరికీ ఉచితం. హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ నడిపే ‘భువన్’ పోర్టల్ ఉంది. కొల్లేరులో చెరువుల విస్తీర్ణం దశాబ్దాలుగా ఎలా మారిందో మీ ఇంట్లో కూర్చునే పటం గీయవచ్చు. ఇంటర్వ్యూకు అలాంటి పటం ఒక్కటి పట్టుకెళ్తే సర్టిఫికెట్ల దొంతరకన్నా ఎక్కువ మాట్లాడుతుంది. రెండోది, గణాంకాలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వివరాలను తీసుకుని ‘ఆర్’లోనో స్టాటాలోనో మీ జిల్లా గురించి ఒక పట్టిక తయారుచేయగలగాలి. ఆర్ట్స్ విద్యార్థులు దీనికి భయపడుతుంటారు. ఒక సెమిస్టర్ కూర్చుంటే వచ్చే విద్య ఇది. మూడోది మనుషులతో మాట్లాడటం, ఇది సైన్స్, ఇంజినీరింగ్ వాళ్లకు కొత్త. ఊరి పటాన్ని ఊరివాళ్లే ముగ్గుపిండితో నేల మీద గీసే పద్ధతి ఉంది, దాన్ని పార్టిసిపేటరీ రూరల్ అప్రైజల్ (పీఆర్‌ఏ)లో భాగంగా నేర్పుతారు. ఎవరి ఇల్లు ఎక్కడ గీశారో, ఎవరి ఇల్లు మరిచిపోయారో చూడటం వస్తే ఏ ప్రశ్నావళీ చెప్పని సంగతులు బయటపడతాయి. తెలుగులో వినగల, తెలుగులో తేటగా రాయగల శక్తిని తక్కువగా చూడకండి. మన పల్లెల్లో పరిశోధన చేసే సంస్థలు దానికోసమే వెతుక్కుంటాయి.

ఉద్యోగాలు ఎక్కడున్నాయో తెలియాలంటే డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. విదేశీ నిధుల మీద నడిచే స్వచ్ఛంద సంస్థల పరిస్థితి మారిపోయింది. 2020లో విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) చేసిన సవరణతో, ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయడం కుదరదు. 2025లో అమెరికా తన యూఎస్‌ఎయిడ్‌ను మూసేయడంతో ప్రపంచమంతటా ఈ రంగంలో ఎందరో ఉద్యోగాలు కోల్పోయారు. ఐక్యరాజ్యసమితిలో ఉద్యోగమే నా లక్ష్యం అనుకునేవారు ఈ మాట మనసులో పెట్టుకోవాలి. మరోవైపు 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుచేయాలి. మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు 2022–23 నుంచి పర్యావరణ, సామాజిక వివరాలతో బీఆర్‌ఎస్‌ఆర్ నివేదిక ఇవ్వాలని సెబీ నియమం పెట్టింది. ఐరోపా తన కార్బన్ సుంకాన్ని ఉక్కు, సిమెంటు, అల్యూమినియం లాంటి దిగుమతుల మీద అమల్లోకి తెచ్చింది. ఈ నియమాల వల్ల కర్బన లెక్కలు చూడగలవారికి, సరఫరా గొలుసును కింది దాకా పరిశీలించగలవారికి కార్పొరేట్ రంగంలో గిరాకీ వచ్చింది. ఆ పని చేస్తే ఆశయాలు అమ్ముకున్నట్టని కొందరు సహాధ్యాయులు అంటారు. నేను ఒప్పుకోను. నివేదికలో ఏ అంకె అబద్ధమో పట్టుకోగలిగినవాళ్లు లోపల ఉండాల్సిందే.

క్షేత్రంలోనే ఉండాలనుకుంటే మన దగ్గరే గొప్ప పాఠశాలలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం 2024లో గుల్బెంకియన్ బహుమతి పంచుకుంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ చిరుధాన్యాల సాగుతో, దళిత మహిళా రైతుల సంఘాలతో 2019లో ఈక్వేటర్ ప్రైజ్ పొందింది. పటాన్‌చెరులో ఇక్రిశాట్, రాజేంద్రనగర్‌లో ఎన్‌ఐఆర్‌డీపీఆర్ ఉన్నాయి. డిగ్రీ అయ్యాక ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా లాంటి ఫెలోషిప్‌తో 13 నెలలు పల్లెలో పనిచేసి, ఆ తరువాత పీజీకి వెళ్లేవాళ్లు తరగతిలో వేసే ప్రశ్నలే వేరుగా ఉంటాయి.

చదువు విషయానికొస్తే అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీకి సొంత ప్రవేశ పరీక్ష ఉంది, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు సాయం చేస్తారు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్)కు సీయూఈటీ–పీజీ రాయాలి, హైదరాబాద్‌లోనూ దానికి క్యాంపస్ ఉంది. పర్యావరణం వైపు మొగ్గు ఉంటే ఢిల్లీలోని టెరీ చూడండి. విదేశాల్లో ససెక్స్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్ (ఐడీఎస్) లాంటివి పేరున్నవి. అయితే డిగ్రీ కాగానే లక్షల అప్పుతో అక్కడికి వెళ్లవద్దని నా సలహా. ఈ రంగంలో మొదటి జీతాలు ఆ అప్పును మోయలేవు. చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కు రెండేళ్ల పని అనుభవం అడుగుతారు, జర్మనీ డాడ్ వారి ఈపాస్ స్కాలర్‌షిప్పూ అంతే. కాబట్టి ఆ రెండేళ్లు ఇక్కడ పనిచేసి, మీ ప్రశ్న ఏదో తేల్చుకుని వెళ్లండి. ఎరాస్మస్ ముండస్ కోర్సుల్లో కొన్నింటికి అనుభవం లేకపోయినా దరఖాస్తు చేయవచ్చు.

ఏ కోర్సు ఎంచుకున్నా చేరేముందు రెండు సంగతులు అడగండి: ఫీల్డ్‌వర్క్ ఎన్ని వారాలు, గణాంకాల పేపరు తప్పనిసరా కాదా. ఫీల్డ్‌వర్క్ అంటే బస్సులో వెళ్లి ఫొటోలు దిగి వచ్చే చోట మీ రెండేళ్లు పెట్టకండి.

దరఖాస్తుకు ఇంకా సమయం ఉంటే ఒక పని చేయండి. 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం చాలా పెద్ద పరిశ్రమలకు, గనులకు అనుమతికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి. మీ జిల్లాలో జరగబోయే సభ ఎప్పుడో కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్‌లో చూసి, తెలుగు సారాంశం చదువుకుని వెళ్లండి. ఎవరు మాట్లాడారో, ఎవరికి మైకు దొరకలేదో, భూగర్భ జలాల గురించి నివేదిక ఏమంటోందో, అక్కడి రైతు ఏమంటున్నాడో రెండు పేజీలు రాయండి. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌ను ఆ రెండు పేజీల్లోంచే మొదలుపెట్టండి.