పాల ఆటో టైరు ఎప్పుడు మార్చాలి?

పాతబస్తీలో పాలు వేసే ట్రాలీ ఆటో తెల్లవారుజామున నాలుగు గల్లీలు తిరిగి, పగలంతా ఎండలో నిలబడుతుంది. అందుచేత దాని టైరు అరగకముందే ముదురుతుంది. "గ్రిప్పు ఇంకా ఉంది కదా" అని సభ్యులు అనడం మేము తరచు వింటున్నాము. గ్రిప్పు ఒక్కటే చూస్తే చాలదు. టైరు పక్కన తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. అయిదేళ్లు దాటినదాన్ని ఏటా మెకానిక్కుకు చూపించాలి. పక్కల్లో లోతైన పగుళ్లు గాని, ఉబ్బు గాని కనిపిస్తే గ్రిప్పు ఎంత ఉన్నా తీసివేయవలసినదే. నిండు ట్రేలతో ఫలక్‌నుమా దిగుడులో అది పేలితే పోయేది పాలు మాత్రమే కాదు, తోలేవాని ప్రాణం కూడా. కొత్తది కొనేటప్పుడు కూడా ఆ అంకెలు చదవండి. దుకాణంలో నిలవున్న రబ్బరుకూ వయసు వస్తుంది. స్టెప్నీని సాధారణంగా ఎవరూ చూడరు, దానినీ తిప్పి చూడండి.