ఆవర్తన పట్టికను నిలువుగా చదవండి

చాలా ఏళ్లు రసాయనశాస్త్రం చెప్పాను. గ్రూపుల పేర్లు గడగడా అప్పజెప్పే పిల్లలు, "సోడియం కంటే పొటాషియం ఎందుకు చురుకు?" అంటే నీళ్లు నమిలేవారు. ఈ పాఠం చెప్పబోయే కొత్త టీచర్ల కోసం ఈ ఆరు మాటలు.

1. ముందు కారణం, తర్వాతే క్రమం.
గ్రూపులో ఒక మెట్టు దిగితే ఒక కర్పరం పెరుగుతుంది. ప్రోటాన్లు పెరిగినా, దూరం వల్లా లోపలి ఎలక్ట్రాన్ల అడ్డు వల్లా చివరి ఎలక్ట్రాన్ మీద కేంద్రకానికి పట్టు సడలుతుంది. దాన్ని లాగేయడానికి లిథియంలో మోల్‌కు 520 కిలోజౌళ్లు కావాలి. సోడియంలో 496, పొటాషియంలో 419, సీజియంలో 376 చాలు. ఇది అర్థమైతే క్షార లోహాలను బట్టీ పట్టనక్కర్లేదు.

2. కళ్లారా చూపించండి.
కళ్లద్దాలు పెట్టుకుని, పిల్లలను దూరంగా నిలబెట్టి, ప్రయోగం మీరే చేయండి. కిరోసిన్‌లోంచి తీసిన సోడియాన్ని చాకుతో కోస్తే, మెరిసే ముఖం చూస్తుండగానే మసకబారుతుంది. చిన్న ముక్కను నీళ్లలో వేస్తే కరిగి, గుండ్రటి బొట్టై, బుసబుసమంటూ పరుగులు తీస్తుంది. లిథియం కరగకుండా తేలుతూ నింపాదిగా బుడగలు వదులుతుంది. పొటాషియం నీటిని తాకగానే లేత ఊదా మంటతో అంటుకుంటుంది. రుబీడియం, సీజియం మాత్రం వీడియోలోనే చూపండి.

3. హాలోజన్లలో క్రమం తిరగబడుతుంది, కారణం మారదు.
ఇవి ఎలక్ట్రాన్‌ను లాక్కునేవి. పరమాణువు చిన్నదైతే లాగే బలం ఎక్కువ. అందుకే కిందికి దిగేకొద్దీ చురుకు తగ్గుతుంది. పొటాషియం అయొడైడ్ ద్రావణంలో క్లోరిన్ నీరు కలిపితే అయోడిన్ విడుదలై గోధుమరంగు వస్తుంది. పొటాషియం క్లోరైడ్‌లో అయోడిన్ కలిపితే ఏ చర్యా జరగదు.

4. ఒక్క అంకె చూసి తీర్పు చెప్పకండి.
ఎలక్ట్రాన్ అందుకున్నప్పుడు ఫ్లోరిన్ కంటే క్లోరిన్ ఎక్కువ శక్తి వెలువరిస్తుంది: మోల్‌కు 328 కిలోజౌళ్లకు 349. అయినా ఫ్లోరినే చురుకు. దాని అణువులోని బంధం తెంచడానికి 158 చాలు, క్లోరిన్‌కు 242 కావాలి. పైగా చిన్న ఫ్లోరైడ్ అయాన్ ఏర్పరిచే బంధాలు మహా గట్టివి. లెక్కంతా వేశాకే మాట్లాడాలి.

5. మొదటి మూలకం తీరే వేరు.
గాలిలో మండినప్పుడు లిథియం ఆక్సైడ్‌తో పాటు నైట్రైడ్‌ను కూడా ఇస్తుంది. ఈ విషయంలో అది సోడియాన్ని కాక, పక్క గ్రూపులోని మెగ్నీషియాన్ని పోలింది. చిన్న పరిమాణమే దీనికి మూలం. మినహాయింపును దాచకండి, దానికీ కారణం ఉంటుంది.

6. పట్టికతో ఊహించడం నేర్పండి.
1871లో మెండలీవ్ సిలికాన్ కింది ఖాళీకి సాంద్రత 5.5 ఉంటుందని అంచనా కట్టాడు. 1886లో వింక్లర్ కనుక్కున్న జెర్మేనియం సాంద్రత 5.32. ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఆక్సిజన్ అణువు నుంచి ఎలక్ట్రాన్ లాగడం చూసిన బార్ట్‌లెట్, జినాన్ అయనీకరణ శక్తి కూడా దాదాపు అంతేనని గమనించి, 1962లో "జడవాయువు"తో సమ్మేళనం చేసి చూపాడు. మీ తరగతిలోనూ రుబీడియం గడిని మూసేసి, పొటాషియం 63 డిగ్రీల దగ్గర, సీజియం 28 దగ్గర కరుగుతాయని చెప్పి, మధ్యదాని సంగతి అడగండి. నలభైకి అటూఇటూగా చెప్పిన పిల్లకు అసలు జవాబు 39 అని చూపించండి. పట్టిక మీద నమ్మకం అక్కడే కుదురుతుంది.