పరీక్ష గదికీ ఇంటి గడపకీ మధ్య కొలువులు

క్యాన్సర్ రంగంలో ఉద్యోగం అనగానే బైపీసీ పిల్లలకు కనిపించేది ఒకటే దారి. నీట్, ఎంబీబీఎస్, ఎండీ, ఆపైన ఆంకాలజీ. అన్నీ కలిసొస్తే పదకొండు పన్నెండేళ్ల చదువు. నీట్‌లో ర్యాంకు రాకపోతే ఇక ఆ రంగం మనది కాదనుకుని, సీటు దొరికిన కోర్సులో చేరిపోతారు. డాక్టరు దాకా మనిషిని నడిపించుకొచ్చేవాళ్లు కూడా కావాలన్న సంగతి కౌన్సెలింగ్ హడావిడిలో ఎవరూ చెప్పరు. ఆ కొరత ఎంతటిదో చూడాలంటే మేడ్చల్ దాకా వెళ్తే చాలు.

మేడ్చల్ మండలం ఘన్‌పూర్‌లో మెడిసిటీ వైద్య కళాశాల, దానికి అనుబంధంగా షేర్ ఇండియా అనే పరిశోధన సంస్థ ఉన్నాయి. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో గుండె వైద్యుడిగా పేరు తెచ్చుకున్న డాక్టర్ పి.ఎస్. రెడ్డి చొరవతో వచ్చినవివి. ఈ సంస్థ జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలతో కలిసి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మీద పెద్ద పనే చేసింది. మండలంలోని ఊళ్ల నుంచి 5,603 మంది స్త్రీలను పరీక్షకు పిలిచి, వచ్చినవాళ్లకు పాప్ స్మియర్, కంటితో చూసి చేసే వీఐఏ, ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్‌ను వెతికే డీఎన్‌ఏ పరీక్ష మూడూ చేసి, ఏది ఎంత బాగా పట్టుకుంటుందో పోల్చి చూశారు. ఫలితాలు 2010లో ప్లాస్ వన్ పత్రికలో వచ్చాయి. క్యాన్సర్‌గా మారబోయే తీవ్రమైన మార్పులను హెచ్‌పీవీ పరీక్ష నూటికి నూరూ పట్టుకుంది. పాప్ స్మియర్ 78 శాతం పట్టుకుంటే, వీఐఏ 32 శాతం దగ్గరే ఆగిపోయింది.

సైన్సు చదివినవాళ్లు సాధారణంగా ఈ లెక్క దగ్గరే ఆగిపోతారు. హెచ్‌పీవీ పరీక్ష మంచిదని తేలింది, కథ ముగిసింది అనుకుంటారు. ఉద్యోగం వెతుక్కునేవాళ్లు చూడాల్సిన అంకె మాత్రం వేరే ఉంది. పిలిచిన స్త్రీలలో 58 శాతం మంది అసలు పరీక్షకే రాలేదు. పరీక్ష ఎంత గొప్పదైనా ఈ 58 శాతం మంది విషయంలో దానికి చేయగలిగిందేమీ లేదు.

ఎందుకు రాలేదో తెలియాలంటే మేడ్చల్ పక్క ఊళ్లలో పొద్దున పదింటికి ఒక వీధి తిరిగి చూడండి. సగం ఇళ్లకు తాళాలుంటాయి. కోడలు కంపెనీ బస్సెక్కి పోయి ఉంటుంది, లేదా కైకిలికి పోయి ఉంటుంది. ఇంట్లో ఉన్న అత్తమ్మ అరుగు మీద కూర్చుని "నాకేమైంది బిడ్డా, మంచిగనే ఉన్న గదా" అంటుంది. ఆ మాటలో తప్పేమీ లేదు. నొప్పి లేనప్పుడు దవాఖానకు పోవడం ఆమె ఎరిగిన జీవితంలో లేదు. పక్కింటామె "ఆయనను అడిగి చెప్త" అంటుంది. ఇంకొకామె "ఆ పూట కూలి ఎవరిస్తరు?" అని సూటిగా అడుగుతుంది. ఈ ముగ్గురికీ ఒకే కరపత్రం చేతిలో పెట్టి వచ్చేస్తే, సాయంత్రానికి అది పల్లీల పొట్లం అయిపోతుంది. మొదటామెకు ఈ జబ్బు నొప్పి లేకుండానే ఏళ్ల తరబడి లోపల ముదురుతుందని చెప్పాలి. రెండో ఇంటికి భర్త ఉన్న వేళ మళ్లీ పోవాలి. మూడో ఆమె కోసమైతే శిబిరం వేళే మార్చాలి. ఇలా మనిషిని బట్టి మాటను, పద్ధతిని మార్చుకోవడం ఒక వృత్తి నైపుణ్యం. ప్రాజెక్టుల్లో ఈ పని చేసేవాళ్లనే కమ్యూనిటీ మొబిలైజర్, ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్, అవుట్‌రీచ్ కోఆర్డినేటర్ లాంటి పేర్లతో పిలుస్తారు. డిగ్రీ ఏదైనా ఈ పనికి అసలు అర్హత ఊరి భాష. శామీర్‌పేట వైపు తండాల్లో లంబాడీ వచ్చినవాళ్లకు, మేడ్చల్ పారిశ్రామికవాడ గదుల్లో హిందీ మాట్లాడగలిగినవాళ్లకు ఉన్న విలువ సర్టిఫికెట్లతో రాదు. ఈ సంగతి మీ రెజ్యూమెలో చివరి వరుసలో కాకుండా పైనే రాసుకోండి.

ఇదే మేడ్చల్ బృందం 2009లో మరో ఫలితం ప్రచురించింది. స్త్రీలు తమ నమూనాను తామే తీసుకుని ఇస్తే హెచ్‌పీవీ పరీక్షకు పనికొస్తుందా అన్నది వాళ్లు పరిశీలించారు. పనికొస్తుందనే తేలింది. డాక్టరు ముందు పడుకోవడానికి సిగ్గుపడే ఆమెకు ఇది పెద్ద వెసులుబాటు. అయితే ఆ చిన్న బ్రష్‌ను ఎలా వాడాలో, గొట్టంలో ఎలా పెట్టి మూత బిగించాలో ఎవరో ఒకరు ఆమె పక్కన కూర్చుని చూపించాలి కదా. పరీక్ష తేలికైన కొద్దీ ఆ చూపించే మనిషి అవసరం పెరిగింది.

నర్సింగ్ వైపు వెళ్లేవాళ్లు వీఐఏ గురించి ఇంకాస్త తెలుసుకోవాలి. సర్కారు కార్యక్రమంలో 30 ఏళ్లు దాటిన స్త్రీలకు అయిదేళ్లకోసారి చేయాలని చెప్పిన పరీక్ష ఇదే. పలుచని ఎసిటిక్ ఆమ్లంలో ముంచిన దూదిని గర్భాశయ ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగుతారు. మార్పు వచ్చిన చోట పై పొర తెల్లబడుతుంది. ప్రయోగశాల అక్కర్లేదు, కరెంటు పోయినా టార్చి లైటుతో చూడవచ్చు. మరి మేడ్చల్‌లో 32 శాతమే ఎందుకు పట్టుకుంది? ఇక్కడ యంత్రం లేదు, చూసే కన్నే యంత్రం. మామూలు వాపును, అసలు మార్పును వేరు చేయడం శిక్షణతో, రోజూ చూస్తూ ఉండడంతో వస్తుంది. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ బృందం పదో తరగతి చదివిన మహిళలకు కొన్ని వారాల శిక్షణ ఇచ్చి, ఏళ్ల తరబడి ఇదే పరీక్ష చేయించింది. 2014లో ప్రచురించిన ఫలితాల ప్రకారం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. ఒకచోట తడబడిన పరీక్షే ఇంకోచోట ప్రాణాలు నిలిపింది. ఏఎన్‌ఎం, జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్‌లలో మీరు ఏది చదివినా, చదువుతున్నప్పుడే స్క్రీనింగ్ శిబిరాల్లో వీలైనన్ని కేసులు చూడండి. రొమ్ములో గడ్డను చేత్తో తడిమి గుర్తించడం, నోట్లో తెల్ల మచ్చను గుర్తుపట్టడం కూడా అలా అలవాటు పడాల్సినవే.

సంతకం ఎవరిది?

బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మసీ పిల్లలు శామీర్‌పేట వైపు చూస్తారు. తుర్కపల్లి చుట్టూ విస్తరించిన జీనోమ్ వ్యాలీలో టీకా కంపెనీలు, ఐకేపీ నాలెడ్జ్ పార్క్, ఐసీఎంఆర్ వారి జంతు పరిశోధన వనరుల కేంద్రం ఉన్నాయి. ఒక సంగతి ఇక్కడి పిల్లలకే తెలియకపోవడం నాకు ఆశ్చర్యం. కాలేయ క్యాన్సర్‌కు ముఖ్య కారణాల్లో హెపటైటిస్ బి ఒకటి. ఆ వైరస్‌కు మన దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ టీకాను 1997లో తెచ్చింది వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్. ఆ ఫ్యాక్టరీ మేడ్చల్ మండలంలోనే ఉంది. దిగుమతి టీకా కొనలేని ఇళ్లకు అది చౌకగా అందింది. క్యాన్సర్‌ను రాకముందే ఆపే పని ఈ మట్టి మీద పాతికేళ్లకు ముందే మొదలైంది.

ప్రయోగశాల ఉద్యోగాల గురించి కాలేజీల్లో బాగానే చెప్తారు కాబట్టి వాటి జోలికి పోను. తక్కువమంది చెప్పేది క్లినికల్ రిసెర్చ్ కోఆర్డినేటర్ గురించి. అధ్యయనంలో చేరే మనిషికి అన్నీ వివరించి సమ్మతి తీసుకోవడం, తేదీ తప్పకుండా పిలవడం, రికార్డులు సరిగ్గా ఉంచడం ఇతని పని. ఈ పని గాడి తప్పితే ఏమవుతుందో తెలుగునేల చూసింది. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు మొదలైంది. కొందరు పిల్లలు చనిపోవడంతో గొడవ రేగి, 2010 ఏప్రిల్‌లో అది ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. కానీ సమ్మతి పత్రాలు తిరగేస్తే, తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు పెట్టి ఉన్నాయి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది దీన్నే. టీకా మంచిదే అయినా దాని మీద అనుమానం ఏళ్ల తరబడి నిలిచిపోయింది. 2019 క్లినికల్ ట్రయల్ నిబంధనలు వచ్చాక సమ్మతి ప్రక్రియ మీద నిఘా బాగా పెరిగింది. అందుకే ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది: చదువురాని తల్లికి ఈ పత్రం మీరెలా వివరిస్తారు? "చదివి వినిపిస్తాను" అంటే సరిపోదు. నిష్పక్షపాతంగా ఉండే సాక్షి సమక్షంలో, ఆమె భాషలో చెప్పి, ఆమెకు ఏమర్థమైందో ఆమె నోటే చెప్పించి, వద్దంటే వైద్యం ఆగదని స్పష్టం చేసి, ఆ తర్వాతే వేలిముద్ర తీసుకుంటానని చెప్పగలగాలి. గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ శిక్షణ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. ఫీజు కట్టేముందు ఆ సర్టిఫికెట్‌ను ఏ సంస్థలు ఒప్పుకుంటాయో కనుక్కోండి.

లెక్కలంటే ఇష్టమున్నవాళ్లకు క్యాన్సర్ రిజిస్ట్రీ ఉంది. జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమాన్ని ఐసీఎంఆర్ 1981లో మొదలుపెట్టింది. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రీని నిమ్స్ నడుపుతోంది. 2020లో వచ్చిన జాతీయ నివేదికలో రొమ్ము క్యాన్సర్ రేటు అన్నిటికంటే ఎక్కువ నమోదైంది హైదరాబాద్ జిల్లాలోనే, లక్ష మంది స్త్రీలకు 48 చొప్పున. ఇలాంటి అంకె వెనక పని చాలా నిదానమైనది. ఆసుపత్రులు, పాథాలజీ ల్యాబులు, మరణాల రిజిస్టర్లు తిరిగి ఒక్కో కేసూ రాసుకోవాలి. ఒక చోట లక్ష్మి, ఇంకో చోట బి. లక్ష్మమ్మ, మూడో చోట ఇంటిపేరు మాత్రమే ఉంటుంది. ముగ్గురూ ఒకరేనా? మేడ్చల్ నుంచి వచ్చి నగరంలో వైద్యం చేయించుకున్నామె హైదరాబాద్ జిల్లా లెక్కలోకి రాదు. చుట్టాలింటి చిరునామా ఇస్తే? ఇలాంటివి విప్పడంలో సరదా కనిపించేవాళ్లే ఇందులో నిలుస్తారు. స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ లేదా లైఫ్ సైన్సెస్ డిగ్రీతో మొదలుపెట్టి, వ్యాధులకు కోడ్‌లు ఇవ్వడం నేర్చుకుని, బయోస్టాటిస్టిక్స్ వైపు ఎదగవచ్చు. ప్రజారోగ్యంలో పీజీ చేయాలనుకుంటే హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ రెండూ నగరంలోనే ఉన్నాయి.

చికిత్స దగ్గర నిలబడేవాళ్లు

రేడియోథెరపీ టెక్నాలజీ గురించి ముక్తసరిగా చెప్తాను. బైపీసీ తర్వాత బీఎస్సీ చేయవచ్చు. రేడియేషన్ యంత్రాలున్న ఆసుపత్రికి అర్హులైన టెక్నాలజిస్టులు ఉండి తీరాలన్నది అణుశక్తి నియంత్రణ మండలి నిబంధన. ఎంపీసీ పిల్లలకు మెడికల్ ఫిజిక్స్ మంచి దారి. ఎంఎస్సీ ఫిజిక్స్ తర్వాత ముంబయిలోని బార్క్ ఏడాది డిప్లొమా దీనికి దేశంలో పేరున్న చదువు. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ.

ఎంఎస్‌డబ్ల్యూ వాళ్లు ఆసుపత్రి వైపు రావడానికి ఎందుకు వెనకాడతారో నాకు అర్థం కాదు. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి 1955 నాటిది, రాష్ట్రానికి ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం. బంజారాహిల్స్‌లో 2000 సంవత్సరంలో ప్రారంభమైన బసవతారకం ఆసుపత్రి ఉంది. శామీర్‌పేట పల్లె నుంచి మొదటిసారి ఇలాంటి చోటికి వచ్చిన కుటుంబానికి ఏ కౌంటర్ ఎక్కడో, ఆరోగ్యశ్రీకి ఏ కాగితం కావాలో, బయాప్సీ రిపోర్టు వచ్చేదాకా ఎక్కడ పడుకోవాలో తెలియదు. చికిత్స మధ్యలో మానేసేవాళ్లలో చాలామందిని ఓడించేది ఇలాంటి చిక్కులే. అలాంటి కుటుంబం పక్కన నిలబడే మనిషిని తయారు చేయడానికే టాటా మెమోరియల్, టిస్ కలిసి కేవట్ పేరుతో పేషెంట్ నావిగేషన్ డిప్లొమా పెట్టాయి. జబ్బు నయం కాని దశలో నొప్పి తగ్గించే పాలియేటివ్ కేర్ ఇంకో దారి. నర్సులకు ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ పాలియేటివ్ కేర్ సర్టిఫికెట్ కోర్సు ఉంది. మనసు గట్టిగా ఉంటేనే అటు వెళ్లండి. రోజూ మరణాన్ని దగ్గరగా చూడాల్సి వస్తుంది, అది అందరికీ పడదు. పడకపోతే సిగ్గుపడాల్సిందీ లేదు.

ఇక ఇంట్లో అమ్మానాన్నలు అడిగే ప్రశ్న: ఉద్యోగం పర్మనెంటా? పరిశోధన, అవుట్‌రీచ్ ఉద్యోగాల్లో ఎక్కువ భాగం ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. గ్రాంటు అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది. చేరేముందు గ్రాంటు ఎప్పటిదాకా ఉందో, పీఎఫ్ కడతారో లేదో, ఊళ్లు తిరగడానికి పెట్రోలు డబ్బులు వేరుగా ఇస్తారో జీతంలోనే కలుపుతారో కాగితం మీద రాయించుకోండి. ఆడపిల్లలైతే చీకటి పడ్డాక సర్వే ఉంటుందా, జంటగా పంపుతారా అని అడగండి. మీ పనితో వచ్చిన ఫలితాలు ప్రచురించినప్పుడు మీ పేరు ఎక్కడ వస్తుందో కూడా అడగండి. చాలాచోట్ల ఆ ప్రశ్న వినగానే అవతలివాళ్లు కాస్త నిటారుగా కూర్చుంటారు.