పాత ఎక్స్‌రే పారేయకండమ్మా

ఎప్పుడో టీబీ వచ్చి, ఆరు నెలలు మందులు మింగి గట్టెక్కాం. ఇన్నేళ్లకు మళ్లీ దగ్గు, కళ్లెలో నెత్తుటి చార. గుండె జారిపోదూ? మా పెద్దమ్మ అయితే ఎవరూ చెప్పకుండానే కంచం, గ్లాసు వేరు పెట్టేసుకుంది.

తీరా చూస్తే అది టీబీ కాదు, బూజు! టీబీ తగ్గినా ఊపిరితిత్తిలో ఒక్కోసారి గుల్ల మిగిలిపోతుంది. గాలిలో తిరిగే ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ అందులో చేరి ఉండ కడుతుంది. కురిడీ కొబ్బరికాయ ఊపితే లోపల గుండు కదలదూ, అచ్చం అలాగే. సీటీలో ఆ ఉండ మీద నెలవంకలా నల్లగా గాలి కనిపించింది. పెద్దమ్మని వెల్లకిలా ఓసారి, బోర్లా ఓసారి పడుకోబెట్టి తీస్తే ఉండ అటు నుంచి ఇటు దొర్లింది. అందరికీ ఇలా దొర్లాలని లేదులెండి.

బొమ్మ ఒక్కటీ చూసి తేల్చరు. కళ్లె పరీక్ష, రక్తంలో ఆస్పర్‌జిల్లస్ యాంటీబాడీల పరీక్ష కూడా చేస్తారు. అందుకే మళ్లీ టీబీ మందులు మొదలుపెట్టే ముందు, “ఫంగస్ ఏమైనా ఉందేమో చూద్దామా డాక్టరుగారూ?” అని అడిగేయండి. మొహమాటం దేనికి?

మరి పాత ఫిల్ములేవి? గ్రహణం చూస్తామంటే పిల్లలకి ఇచ్చేశారా? అయ్యో, వాటితో చూస్తే కళ్లకీ ముప్పే! గుల్ల అప్పుడెంత, ఇప్పుడెంత, గోడ మందం అయిందా అని పక్కపక్కన పెట్టి చూస్తేనే డాక్టరుకి సగం సంగతి తెలుస్తుంది. మడవకుండా, తేదీ రాసిన కవరులో బీరువాలో పెట్టండి.

సీటీ అంటే రేడియేషన్ భయమా? ఎక్స్‌రే కంటే ఎక్కువే, నిజమే. కానీ ఎక్స్‌రేలో మసగ్గా ఉన్నది సీటీలో తేటపడుతుంది. నెల తప్పితే మాత్రం ముందే చెప్పండి. గొలుసు, పిన్నీసులు తీసేయాలి. మంగళసూత్రం తీయడానికి పెద్దమ్మ ఎంత గునిసిందో! చివరికి పసుపుకొమ్ము కట్టిన దారం వేసుకుని వెళ్లింది.

నెత్తురు చారలా కాక గుక్కెడు పడితే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఈ బూజు ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. టీబీ కాదని తేలేవరకు మాత్రం దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుందాం.

పెద్దమ్మ ఇప్పుడు ఇట్రాకొనజోల్ మింగుతోంది. కనీసం ఆరు నెలలట. “మళ్లీ ఆరు నెలలా!” అని సణుగుతూనే, కంచం తెచ్చి మా కంచాల పక్కన పెట్టేసింది.